మైక్రోనేషన్లు చూడ్డానికి వెళ్లొచ్చా? ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడికి వద్దు

ప్రశ్న: తమంతట తామే స్వతంత్ర దేశమని ప్రకటించుకున్న చిన్న చిన్న చోట్ల గురించి చదివినప్పటి నుంచి వెళ్లి చూడాలని ఉంది. నిజంగా వెళ్లనిస్తారా? వీసా కావాలా? పాస్‌పోర్టు మీద వాళ్ల స్టాంపు వేయించుకుంటే ఇబ్బంది వస్తుందా? మొదటిసారి అయితే ఎక్కడికి వెళితే బాగుంటుంది?

జవాబు: వెళ్లొచ్చు. నేను కింద చెప్పేవాటిలో చాలావరకు ఎవరైనా నేరుగా నడుచుకుంటూ వెళ్లి చూసి రాగలిగినవే. కొన్నింటికి ముందుగా రాసి, వాళ్లు రమ్మన్నాకే వెళ్లాలి. ఒకటి రెండు చోట్ల జోలికి మాత్రం పోకండి, కారణం కింద చెబుతాను. ఏళ్ల తరబడి వీలు దొరికినప్పుడల్లా ఇలాంటి చోట్లు చూస్తూ, అక్కడివాళ్లకు ఉత్తరాలు రాస్తూ వస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఎక్కడికి వెళ్లాలో తేల్చుకునేటప్పుడు చాలామంది ఏది ఎక్కువ వింతగా ఉందో చూసుకుంటారు. నేను మాత్రం అక్కడ మనకు తలుపు తీసేది ఎవరని చూస్తాను. ఎవరో ఒక మనిషి, లేదా ఒక వీధి జనం, కడుపు మండో, ఏదో కల కనో ‘ఇకపై మాది వేరే దేశం’ అన్నారు. ఆ మాట అన్నవాళ్లో, వాళ్ల పిల్లలో ఎదురొచ్చి మాట్లాడితే ఆ చోటు మనకు అర్థమవుతుంది. అలాంటి మనిషి లేని చోట ఒక జెండాను ఫొటో తీసుకుని తిరిగి రావడమే.

దీనికి ఆస్ట్రేలియాలోని హట్ రివర్ మంచి ఉదాహరణ. పెర్త్‌కు ఉత్తరంగా 500 కిలోమీటర్లు దాటాక లెనార్డ్ కాస్లీ అనే రైతు గోధుమ పండించేవాడు. ఎవరెంత గోధుమ అమ్ముకోవచ్చో ప్రభుత్వం కోటా పెట్టింది. ఆయన వాటాకు వచ్చింది పండిన పంటలో చాలా చిన్న భాగం. ఎన్ని అర్జీలు పెట్టినా ఎవరూ వినలేదు. చివరికి 1970 ఏప్రిల్ 21న తన 75 చదరపు కిలోమీటర్ల పొలాన్ని విడి దేశంగా ప్రకటించి, తర్వాత ప్రిన్స్ లెనార్డ్ అయ్యాడు. వచ్చినవాళ్లను స్వయంగా పలకరించేవాడు, స్టాంపు వేసేవాడు, తన కేసు మొదటి నుంచి చెప్పేవాడు. పర్యాటకులు అంత దూరం కార్లేసుకుని వెళ్లింది ఆ మాటల కోసమే. 2017లో, 91 ఏళ్ల వయసులో, గద్దె కొడుకు గ్రేమ్‌కు అప్పగించాడు. అదే ఏడాది సుమారు 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల పన్ను బకాయి కట్టాలని కోర్టు తీర్పు చెప్పింది. 2019లో లెనార్డ్ చనిపోయాడు. 2020లో కోవిడ్ వచ్చి పర్యాటకులు ఆగిపోయారు, ఆ ఆగస్టులోనే దేశాన్ని రద్దు చేసుకున్నారు. యాభై ఏళ్లు నిలబడిన చోటు అది. ఇప్పటికీ పాత వ్యాసాలు చదివి అక్కడికి ప్లాన్ వేసుకునేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. అందుకే, వెళ్లాలనుకుంటున్న చోటు ఇంకా ఉందా, నడిపేవాళ్లు ఉన్నారా అన్నది అన్నిటికంటే ముందు చూసుకోండి. తర్వాత వెళదాంలే అని వాయిదా వేస్తూ పోతే మిగలకుండా పోయేవి ఇవే.

ఇక వీసా సంగతి. మొనాకో, శాన్ మారినో, వాటికన్ లాంటివి చిన్నవే అయినా ప్రపంచం గుర్తించిన దేశాలు. వాటిని ఇందులో కలపకండి. మైక్రోనేషన్లను ఏ దేశమూ గుర్తించలేదు. దేశం అనడానికి స్థిరమైన జనాభా, నిర్దిష్టమైన భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు పెట్టుకునే సామర్థ్యం ఉండాలని 1933 నాటి మాంటెవిడియో ఒప్పందం చెప్పింది. మైక్రోనేషన్లు నడిపేవాళ్లలో చాలామంది ఆ ఒప్పందాన్నే చూపించి తమకూ ఇవన్నీ ఉన్నాయంటారు. ఆ వాదన ఎలా ఉన్నా ప్రయాణికుడికి కావలసింది చట్టంలో ఉన్న స్థితి. కింద చెప్పబోయే చోట్లలో ఉజుపిస్‌లో అడుగు పెడితే మీరు ఉన్నది లిథువేనియాలో, మొలోసియాలో ఉంటే అమెరికాలో. వీసా, ఇన్సూరెన్స్, డ్రైవింగ్ రూల్స్ అన్నీ ఆ పెద్ద దేశానివే. మైక్రోనేషన్ ఇచ్చే ‘వీసా’ జ్ఞాపకంగా దాచుకునే కాగితం. లోపలికి వెళ్లి బయటికి వచ్చినంత మాత్రాన మీ షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) రోజుల లెక్క ఆగదు, సింగిల్ ఎంట్రీ వీసా వాడేసినట్టూ కాదు.

స్టాంపు విషయంలో మాత్రం గట్టిగానే చెబుతాను. అసలు పాస్‌పోర్టు మీద వేయించుకోవద్దు. ప్రభుత్వ అధికారులు కాకుండా వేరెవరైనా పాస్‌పోర్టులో ముద్ర వేసినా, రాసినా దాన్ని పాడైన పాస్‌పోర్టుగా లెక్కగట్టే అవకాశం ఉంది. పెరూలోని మచు పిచ్చు లాంటి చోట్ల సరదాగా వేసే స్టాంపుల గురించి కూడా ఇదే హెచ్చరిక ఉంది. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో ఉన్న మనిషి ఆ పేజీ చూసి ఆపేస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు, అప్పుడు వాదించి లాభమూ లేదు. జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి కొని స్టాంపులకే కేటాయించండి. పేజీకి ఒక దేశం, పక్కన తేదీ, స్టాంపు వేసినవాళ్ల సంతకం. నేను ఇలాగే చేస్తాను. ఎక్కడా ఎవరూ కాదనలేదు, పైగా అందులోని పాత స్టాంపులు చూసి మాటలు మొదలవుతాయి.

వాళ్లు అమ్మే పాస్‌పోర్టులు, పౌరసత్వాలు, బిరుదులు జ్ఞాపకంగా కొనుక్కుంటే తప్పులేదు. వాటితో ప్రయాణం చేయాలని, బ్యాంకులోనో హోటల్లోనో చూపించాలని మాత్రం అనుకోకండి. యూరోపియన్ యూనియన్ ఇలాంటి ఊహా పాస్‌పోర్టుల జాబితానే పెట్టుకుంది. ఇంగ్లండ్ తీరం దగ్గర సముద్ర స్థావరం మీద ఒక కుటుంబం నడిపే సీలాండ్ పేరుతో నకిలీ పాస్‌పోర్టులు నేరగాళ్ల చేతుల్లోకి పోవడంతో 1997లో ఆ కుటుంబమే అప్పటిదాకా ఇచ్చినవన్నీ రద్దు చేయాల్సి వచ్చింది. అంతకంటే బాధ కలిగించింది లాడోనియా విషయం. స్వీడన్‌లో ఒక కళాకారుడు కళలో భాగంగా ప్రకటించిన దేశం అది. 2002 ప్రాంతంలో పాకిస్తాన్ నుంచి వేలమంది దానికి పౌరసత్వం కోసం దరఖాస్తు పెట్టారు. అక్కడ ఇళ్లు, ఉద్యోగాలు ఉంటాయని, వెళ్లి బతకొచ్చని నమ్మారు. అక్కడ ఉన్నది రాళ్ల తీరం, చెక్క శిల్పాలు. మీ చుట్టుపక్కల ఎవరైనా ‘ఫలానా కొత్త దేశంలో పౌరసత్వం ఇప్పిస్తాం’ అని డబ్బు అడుగుతున్నారని తెలిస్తే దయచేసి ఈ సంగతి వాళ్లకు చెప్పండి.

ఇప్పుడు మొదట ఎక్కడికి అన్న ప్రశ్న. నన్నడిగితే ఉజుపిస్. లిథువేనియా రాజధాని విల్నియస్‌లో పాత నగరం నుంచి కొద్ది నిమిషాల నడక. విల్నెలే అనే చిన్న నది మీద వంతెన దాటితే అదే సరిహద్దు. వంతెన దగ్గర ఒక బోర్డు ఉంటుంది, దాని ముందు కాసేపు నిలబడండి. పైన రిపబ్లిక్ పేరు, కింద రోడ్డు గుర్తుల్లా నాలుగు బొమ్మలు. నవ్వుతున్న ముఖం, వేగం 20 దాటొద్దన్న గుర్తు, మోనాలిసా, నీళ్లలో పడుతున్న కారు. ఈ దేశం మనిషి నుంచి ఏం కోరుకుంటోందో ఆ నాలుగు బొమ్మల్లోనే ఉంది.

ఇక్కడ కళాకారులు స్వాతంత్ర్యం ప్రకటించింది 1997 ఏప్రిల్ 1న. తేదీ చూసి తేలిగ్గా తీసుకోవద్దు, ఈ పేట వెనక చాలా బరువైన చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇక్కడ ఎక్కువగా యూదులు ఉండేవారు. హోలోకాస్ట్‌లో వాళ్లను చంపేశారు. సోవియట్ కాలంలో వాళ్ల పాత శ్మశానాన్ని కూడా ధ్వంసం చేశారు. ఇళ్లు పాడుబడ్డాయి, నగరంలో ఎవరూ రావడానికి ఇష్టపడని పేటగా మారింది. అద్దె కట్టలేని చిత్రకారులు, సంగీతకారులు ఆ పాడుబడ్డ ఇళ్లలో చేరారు. నగరం వదిలేసిన చోటుకి గౌరవం తెచ్చుకోవడానికి వాళ్లు ఎంచుకున్న దారి రిపబ్లిక్. రోమాస్ లిలేకిస్ అధ్యక్షుడు అయ్యాడు. 1998లో రాజ్యాంగం రాసుకున్నారు. 2002లో కూడలిలో స్తంభం మీద బాకా ఊదే దేవదూత విగ్రహం పెట్టారు.

పౌపియో వీధిలో గోడ వెంట ఆ రాజ్యాంగాన్ని రకరకాల భాషల్లోకి మార్చి వరసగా పలకల మీద చెక్కారు. పలకలు అద్దాల్లా మెరుస్తాయి, చదువుతుంటే అక్షరాల వెనక మన ముఖమే కనబడుతుంది. కుక్కకు కుక్కగా ఉండే హక్కుంది. పిల్లి తన యజమానిని ప్రేమించి తీరాలని లేదు, కానీ ఆపదలో ఆదుకోవాలి. మనిషికి సంతోషంగా ఉండే హక్కుంది, సంతోషంగా లేకుండా ఉండే హక్కూ ఉంది. నది పక్కన బతికే హక్కు అందరికీ ఉంది, అందరి పక్క నుంచి పారే హక్కు నదికి ఉంది. ఫొటో తీసుకుని వెళ్లిపోకుండా మొత్తం 41 వాక్యాలూ చదవండి. సోవియట్ పాలన కింద పెరిగిన తరం ‘ఎవరికీ అర్థం కాకుండా ఉండే హక్కు మనిషికి ఉంది’ అని రాసుకుందంటే దాని వెనక ఎంత అనుభవం ఉండాలో అక్కడ నిలబడితే తెలుస్తుంది. మైక్రోనేషన్ల రాతల్లో నాకు బాగా ఇష్టమైంది ఇదే.

ఏప్రిల్ 1న వెళితే వంతెన దగ్గర సరిహద్దు కాపలా, స్టాంపులు, పాటలు అన్నీ ఉంటాయి, జనం కూడా ఎక్కువే. నా సలహా అడిగితే మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. స్టాంపు అక్కడి సమాచార కేంద్రం కమ్ దుకాణంలో దొరుకుతుంది. ఇప్పుడు ఉజుపిస్ ఖరీదైన పేట అయిపోయింది, మొదట వచ్చిన కళాకారుల్లో చాలామందికి అక్కడ ఇల్లు అందని ధర. ఆ మార్పు కూడా కళ్లు తెరుచుకుని చూడాల్సిందే.

రెండోది మొలోసియా, ఇది పూర్తిగా వేరే అనుభవం. అమెరికాలో నెవాడా రాష్ట్రంలో, డేటన్ ఊరి దగ్గర, కెవిన్ బా అనే ఆయన ఇల్లూ పెరడూ కలిపి ఈ దేశం. 1977లో, ఇంకా కుర్రాడిగా ఉన్నప్పుడు, స్నేహితుడితో కలిసి మొదలుపెట్టిన ఊహా రాజ్యాన్ని ఆయన ఇన్నేళ్లూ వదలకుండా పెంచుకుంటూ వచ్చాడు. ఇక్కడికి చెప్పాపెట్టకుండా వెళ్లకూడదు, అది ఆయన కాపురం ఉంటున్న ఇల్లు. వేసవి, దాని అటూ ఇటూ నెలల్లో ముందుగా ప్రకటించిన రోజుల్లో సందర్శకులను రానిస్తారు. మెయిల్ రాసి, జవాబు వచ్చాకే బయల్దేరండి.

గేటు దగ్గర అధ్యక్షుడే సైనిక యూనిఫాంలో, పతకాలతో, ఆప్యాయమైన పలకరింపుతో ఎదురొస్తాడు. ముందు కస్టమ్స్. జేబులో ఏమున్నాయో అడుగుతాడు. నిషేధం ఉన్న వస్తువుల జాబితాలో క్యాట్‌ఫిష్, ఉల్లిపాయలు, వాల్‌రస్‌లు ఉన్నాయి. తర్వాత బ్యాంకు చూపిస్తాడు. వాళ్ల కరెన్సీ వలోరా విలువ కుకీలు చేసే పిండి ముద్దతో ముడిపడి ఉంటుంది, నాణేలు పేకాట చిప్పులతో తయారైనవి. పోస్టాఫీసు, చిన్న రైలు, తనను తాను అమెరికా చక్రవర్తిగా ప్రకటించుకున్న నార్టన్ పేరు మీద ఒక పార్కు వరసగా చూపిస్తూ ప్రతిదాని వెనక కథ చెబుతాడు. ఆస్తి పన్ను కడతారు, దాన్ని పొరుగు దేశానికి ఇచ్చే విదేశీ సాయం అంటారు. అంటే చట్టంతో పేచీ లేదు, అందుకే ఇన్నేళ్లు నిలబడింది. ఒక మనిషి తన ఊహకు ఇంత ఓపికగా, ఇంత శుభ్రంగా రూపం ఇవ్వడం దగ్గరగా చూసినప్పుడు నాకు నిజంగా గౌరవం కలిగింది. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు లేదు, వాళ్లకు ఏదీ విడమరిచి చెప్పాల్సిన పని పడదు.

ఊరు ఊరంతా దేశం అనుకునే చోటు కావాలంటే ఇటలీలో సెబోర్గా ఉంది. ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గరగా, లిగూరియా తీరం పైన కొండ మీద, మూడు వందల మంది చిల్లర ఉండే పల్లె. 1729లో మఠం వాళ్లు ఈ ఊరిని సవోయ్ రాజవంశానికి అమ్మినప్పుడు ఆ అమ్మకం సరిగ్గా రిజిస్టర్ కాలేదని, కాబట్టి తర్వాత ఏర్పడిన ఇటలీలో తాము కలవలేదని వాళ్ల వాదన. దాన్ని పైకి తెచ్చినవాడు పూలు పండించే జార్జియో కార్బోనే. 1963లో ఊరివాళ్లు ఆయన్ను యువరాజుగా ఎన్నుకున్నారు. 1995లో ఓటింగ్ పెడితే 304 మంది అనుకూలం, నలుగురు వ్యతిరేకం. 2009లో ఆయన చనిపోయాక కూడా ఊరు ఆగలేదు, మళ్లీ ఎన్నికలు పెట్టుకుంది. 2019 నుంచి నీనా మెనెగాట్టో యువరాణి. నేను ఇందాక చెప్పిన దానికి ఇది మరో వైపు. స్థాపించినవాడి కల ఊరందరిదీ అయితే ఆయన తర్వాత కూడా బతుకుతుంది.

ఇటలీ మేయర్ ఉన్నాడు, పన్నులు ఇటలీకే కడతారు. ఊరి మొదట్లో నీలం తెలుపు రంగుల కాపలా గూడు కనిపిస్తుంది. వాళ్ల నాణెం లుయిజీనో విలువ ఆరు డాలర్లని వాళ్లే కట్టుకున్నారు. జాతీయ దినోత్సవం ఆగస్టు 20. కింద తీరంలో బోర్డిగేరా నుంచి పైకి రోడ్డు వంపులు తిరుగుతూ వెళుతుంది, బస్సులు తక్కువ. ముందే టైములు చూసుకోండి. ఒక పూట చాలు, కానీ అక్కడే భోజనం చేయండి. టేబుల్ దగ్గర ఎవరినైనా 1729 గురించి కదిలిస్తే చాలు, మిగతాది వాళ్లే చెబుతారు.

లాడోనియా పేరు ఇందాక వచ్చింది కదా. స్వీడన్ దక్షిణాన కుల్లబెర్గ్ అభయారణ్యంలో లార్స్ విల్క్స్ 1980లో ఎవరికీ చెప్పకుండా, సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రలతో నిమిస్ అనే శిల్పం కట్టడం మొదలుపెట్టాడు. మేకులు కొడుతూ, ఒంటి చేత్తో కర్ర మీద కర్ర పేర్చుకుంటూ. అధికారులు దాన్ని కనిపెట్టేసరికే రెండేళ్లు గడిచాయి. కూల్చాలని వాళ్లు, వద్దని ఆయన, కోర్టుల్లో ఏళ్లు నడిచాక 1996లో ఆ చోటును దేశంగా ప్రకటించాడు. 2021లో ఆయన రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. తలుపు తీసే మనిషి లేకపోయినా నేను వెళ్లమని చెప్పే ఒకే ఒక్క చోటు ఇది, ఎందుకంటే ఇక్కడ ఆయన చేతి పనే మనతో మాట్లాడుతుంది.

హిమ్మెల్‌స్టోర్ప్ అనే పాత పల్లె ఇంటి దగ్గర నుంచి అడవిలో నడవాలి. అధికారిక బోర్డులు ఉండవు, చెట్ల మీద పసుపు రంగులో ఎన్ అక్షరం వెతుక్కుంటూ పోవాలి. చివరి దిగుడు నిటారుగా, వదులు రాళ్లతో ఉంటుంది. దిగేటప్పుడు కర్రల సొరంగంలోంచి దూరి వెళతారు, కాళ్ల కింద కర్రలు కదులుతాయి, మేకులు పైకి లేచి ఉంటాయి. అక్కడి నుంచి బయటికొస్తే ఎదురుగా సముద్రం, తల పైన వంకరటింకర గోపురాలు. 2016లో కొంత భాగం కాలిపోయింది. గట్టి బూట్లు వేసుకోండి, వాన పడ్డ రోజు వెళ్లకండి, చిన్న పిల్లల్ని, మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవాళ్లని తీసుకెళ్లకండి. గోపురాలు ఎక్కడం మీ సొంత పూచీ మీదే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. న్యూజిలాండ్‌లో వాంగమోమోనా అనే చిన్న ఊరు 1989లో జిల్లా సరిహద్దులు మార్చి తమను తారనాకి నుంచి వేరే ప్రాంతంలో కలిపినందుకు రిపబ్లిక్ అయింది. ఒక మేకను, ఒక పూడుల్ కుక్కను కూడా అధ్యక్షులుగా ఎన్నుకున్నారు. హోటల్లోనే పాస్‌పోర్టు అమ్ముతారు. రెండేళ్లకోసారి జనవరిలో రిపబ్లిక్ డే. స్ట్రాట్‌ఫర్డ్ నుంచి తౌమరునుయి దాకా దాదాపు 150 కిలోమీటర్ల ఆ రోడ్డులో పెట్రోల్ బంకు లేదు, ట్యాంకు నింపుకుని బయల్దేరండి. ఫ్రాన్స్‌లో సోజే 1947లో భోజనాల బల్ల దగ్గర పుట్టింది. మోంబెన్వా ఊరికి వచ్చిన ప్రిఫెక్ట్‌ను (ప్రభుత్వం తరఫు జిల్లా అధికారిని) హోటల్ యజమాని జార్జ్ పూర్షే ‘మా రిపబ్లిక్‌లోకి రావడానికి మీకు అనుమతి పత్రం ఉందా’ అని అడిగాడు. ఆయన ముచ్చటపడి అయితే మీరే అధ్యక్షుడన్నాడు. తర్వాత భార్య, ఆ తర్వాత కూతురు అధ్యక్షులయ్యారు. ఊళ్లో పాత మఠం చూడదగ్గది. ఫ్లోరిడాలో కీ వెస్ట్ 1982 ఏప్రిల్ 23న కాంక్ రిపబ్లిక్ అయింది. ద్వీపాలకు వెళ్లే ప్రధాన రోడ్డు మీద సరిహద్దు గస్తీ దళం చెక్‌పోస్టు పెట్టి ప్రతి కారునూ సోదా చేయడంతో పర్యాటకం దెబ్బతింది. డెన్నిస్ వార్డ్‌లో అనే మేయర్ స్వాతంత్ర్యం ప్రకటించి, యుద్ధం చేసి, నిమిషంలో లొంగిపోయి, వంద కోట్ల డాలర్ల సాయం అడిగాడు. సాయం రాలేదు కానీ చెక్‌పోస్టు పోయింది. వియన్నాలో ప్రాటర్ పార్కుకు ఎలాగూ వెళతారు కాబట్టి అక్కడే ముళ్ల కంచె లోపల ఉన్న గుండ్రటి ఇల్లు కుగెల్‌ముగెల్ బయట నుంచి చూసి రావచ్చు.

కోపెన్‌హాగెన్‌లో క్రిస్టియానియా మైక్రోనేషనా కాదా అన్న దాని మీద వాదనలున్నాయి. 1971లో ఖాళీగా పడున్న సైనిక స్థావరంలో జనం చేరి స్వేచ్ఛా నగరం అన్నారు. ఎర్ర జెండా మీద మూడు పసుపు చుక్కలు. చాలాకాలం గంజాయి బహిరంగంగా అమ్మిన పుషర్ స్ట్రీట్‌ను 2024 ఏప్రిల్‌లో అక్కడివాళ్లే రాళ్లు పెకిలించి మూసేశారు. అక్కడి వాళ్లు నడిపించే టూర్‌తో వెళ్లండి. ఫొటో వద్దన్న చోట ఫోన్ జేబులోంచి తీయకండి. మత్తు పదార్థాలు డెన్మార్క్ చట్టం ప్రకారం నేరమే, ఆ గేటు లోపల కూడా.

ఇక వద్దన్నవి. మొదటిది లిబర్‌లాండ్. డాన్యూబ్ నది దారి మార్చుకోవడంతో క్రొయేషియా, సెర్బియా మధ్య గీత ఎక్కడన్నది తేలలేదు, ఆ గొడవలో సుమారు 7 చదరపు కిలోమీటర్లు రెండూ మాది కాదనే స్థితిలో మిగిలింది. 2015 ఏప్రిల్ 13న వీట్ యెడ్లిచ్కా అనే చెక్ రాజకీయ నాయకుడు అది కొత్త దేశమంటూ అక్కడ జెండా పాతాడు. కానీ ఆ నేల మీద పహారా క్రొయేషియా పోలీసులది. వ్యవస్థాపకుడినే అరెస్టు చేశారు, 2023లో అక్కడ వేసుకున్న గుడారాలు, కట్టడాలు తీసేశారు. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా షెంగెన్‌లో ఉంది. సెర్బియా వైపు నుంచి పడవలో దిగి పట్టుబడితే షెంగెన్‌లోకి అక్రమంగా ప్రవేశించినట్టు రికార్డులోకి ఎక్కే ప్రమాదం ఉంది, తర్వాత ఏ యూరప్ వీసాకు పెట్టినా అది వెంటాడుతుంది. వీసా మీద ఆధారపడి తిరిగేవాళ్లకు ఇది పెట్టుకోదగ్గ రిస్కు కానే కాదు.

రెండోది సీలాండ్. ప్రమాదం అని కాదు, రానివ్వరు. ఇంగ్లండ్‌లో సఫోక్ తీరానికి 12 కిలోమీటర్ల దూరంలో, రెండో ప్రపంచ యుద్ధంలో కట్టిన సముద్ర స్థావరం. రెండు బోలు స్తంభాల మీద ఒక డెక్. 1967 సెప్టెంబర్ 2న రాయ్ బేట్స్ దాన్ని దేశంగా ప్రకటించాడు. మరుసటి ఏడాది పడవ మీద కాల్పులు జరిగిన కేసులో, అది అప్పటి మూడు మైళ్ల పరిధికి బయట ఉంది కాబట్టి తమకు అధికారం లేదని కోర్టు అంది. సీలాండ్ వాళ్లు ఇప్పటికీ ఆ తీర్పునే చూపిస్తారు. 1978లో ఒక జర్మన్ వ్యాపారి కిరాయి మనుషుల్ని పంపి డెక్‌ను ఆక్రమించాడు, రాయ్ కొడుకు మైఖేల్‌ను బందీగా పట్టుకున్నారు. కుటుంబం తిరిగి దక్కించుకుంది, అవతలివాళ్లలో ఒకణ్ని పట్టి ఉంచితే అతని కోసం జర్మనీ దౌత్యవేత్త ఒకరు స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. 1987లో బ్రిటన్ తన సముద్ర పరిధిని 12 నాటికల్ మైళ్లకు పెంచింది. ఇంత కథ ఉన్న చోటు చూడాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. కానీ ఆహ్వానం లేకుండా ఎక్కనివ్వరు, మామూలు పడవ సర్వీసులూ లేవు. బిరుదో, స్టాంపో వాళ్ల దగ్గరే కొనుక్కుంటే ఆ స్థావరం మరమ్మతులకు సాయం చేసినట్టవుతుంది, అక్కడితో సంతృప్తి పడండి.

వెళ్లిన చోట ఎలా ఉండాలన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. మెయిల్ రాసేటప్పుడు వాళ్లు పెట్టుకున్న పదవితోనే సంబోధించండి. మీరెవరు, ఎందుకు రావాలనుకుంటున్నారు, ఎంతమంది అన్నది నాలుగు వాక్యాల్లో చెప్పండి. వెళ్లాక ‘మీది నిజమైన దేశం కాదు కదా’ అని వాదన పెట్టుకోకండి. ఆ మాట వాళ్లు జీవితమంతా వింటూనే ఉన్నారు. ఎందుకు మొదలుపెట్టారని అడగండి, గోధుమ కోటా, చెక్‌పోస్టు, కూల్చివేత నోటీసు, ఏదో ఒకటి బయటికొస్తుంది, అక్కడి నుంచే అసలు కథ మొదలవుతుంది. వీడియో తీసి ఎగతాళిగా పెట్టేవాళ్ల వల్ల కొన్ని చోట్ల సందర్శకులను రానివ్వడమే తగ్గించారు, కాబట్టి కెమెరా తీసే ముందు అడగండి. స్టాంపులు, నాణేలు, పోస్టుకార్డులు ఏవో ఒకటి కొనండి. చాలా చోట్ల దేశం ఖర్చులు నడిచేది వాటి మీదే.

మొదటి ట్రిప్పుకు మీకు షెంగెన్ వీసా ఉంటే ఒకే ప్రయాణంలో ఉజుపిస్, నిమిస్, క్రిస్టియానియా మూడూ పెట్టుకోవచ్చు. మే నుంచి సెప్టెంబర్ లోపల అయితే నిమిస్ దారి ఎండి ఉంటుంది. సెబోర్గాను ఫ్రాన్స్ దక్షిణ తీరం వైపు వెళ్లినప్పుడు కలుపుకోండి. అమెరికా వెళ్లే పని ఉంటే టికెట్ బుక్ చేసే ముందే మొలోసియాకు రాసి, వాళ్లిచ్చిన తేదీ చుట్టూ మిగతా ప్లాన్ వేసుకోండి.